ఏ కోర్సూ ఎంచుకోనంటున్న అబ్బాయి

"మా అబ్బాయి అస్తిత్వవాదం పుస్తకాలు చదివి, జీవితానికి ముందే రాసిపెట్టిన అర్థమేదీ లేదంటూ ఏ కోర్సూ ఎంచుకోవడం లేదు. డేటా సైన్స్ మంచిదా, ఆర్థికశాస్త్రమా? మీరు చెబితే వింటాడు" అని ఒక తల్లి రాశారు.

అమ్మా, పుస్తకాలు మారతాయి గానీ ఈ ఉత్తరం నాకు ఏటా వస్తుంది. ఇప్పుడు తప్పటడుగు పడితే బతుకంతా పాడైపోతుందేమోనన్నది మీ అసలు భయం.

మీరు జతచేసిన దరఖాస్తు చూశాను. మొదటి ఐచ్ఛికం గడిలో పెన్సిలుతో రాసి, చెరిపి, మళ్లీ రాశారు. ఆ రాతా ఉత్తరంలోని రాతా ఒకటే. అబ్బాయికి మిగిలింది సంతకం గడి.

అస్తిత్వవాదానికి పేరుపడ్డ ఫ్రెంచ్ తత్వవేత్త సార్త్ర్ 1945లో పారిస్‌లో చేసిన ఉపన్యాసంలో కాగితాలు కోసే కత్తి సంగతి చెప్పాడు. అది దేనికి పనికిరావాలో తయారీదారుకు ముందే తెలుసు. మనిషి అలా కాదు, ముందు పుడతాడు, తానేమిటో తర్వాత తన పనులతో తేల్చుకుంటాడు. కోపం తెచ్చుకోకండి, మీరు అబ్బాయిని ఆ కత్తిలాగే చూస్తున్నారు. "వాడిది లెక్కల బుర్ర" అని నాలుగుసార్లు రాశారు.

అబ్బాయీ సగమే చదివినట్టున్నాడు. ఎంచుకోకపోవడం కూడా ఎంపికేనని అదే ఉపన్యాసంలో ఉంది. గడువు దాటిపోతే ఆ నిర్ణయమూ అతని ఖాతాలోకే వస్తుంది. ఎవరిని సలహా అడగాలో ఎంచుకున్నప్పుడే ఎలాంటి సలహా కావాలో మనకు తెలిసి ఉంటుందనీ సార్త్ర్ అన్నాడు. నేను డేటా సైన్స్ పేరే చెబుతానని మీరూ లెక్క వేసుకుని వచ్చి ఉంటారు.

ఆ లెక్క తప్పింది. ఆ పేరు మీద నాకు అనుమానాలున్నాయి. లోపల ఉండాల్సింది గణాంకశాస్త్రం, బీజగణితం, ప్రోగ్రామింగ్. కొన్నిచోట్ల మొదటి రెండింటినీ పైపైన తడిమి, నాలుగు సాఫ్ట్‌వేర్ల వాడకం నేర్పి పంపేస్తారు. అవి మూలపడ్డాక ఆ చదువు దేనికి? సిలబస్ తెచ్చుకుని గణాంకశాస్త్రం ఎన్ని సెమిస్టర్లు ఉందో లెక్కపెట్టండి. ఆర్థికశాస్త్రంలోనూ గణాంకాలు తప్పవు కాబట్టి, అటు వెళ్తే ఇటు దారి పూర్తిగా మూసుకుపోదు.

ఒక ఏడాది అటూ ఇటూ అయితే కొంపలేమీ మునగవు. ఆ సార్త్రే 1928లో తత్వశాస్త్ర అధ్యాపకుల పోటీ పరీక్ష తప్పాడు. మరుసటి ఏడాది అతనిది మొదటి ర్యాంకు, అతని సహచరి, రచయిత్రి సిమోన్ ద బోవాది రెండోది.

ఈ రాత్రికి ఆ పెన్సిలు రాత చెరిపేసి, దరఖాస్తు అబ్బాయి బల్ల మీద పెట్టి, మీరు గదిలోంచి బయటికి వచ్చేయండి.