పైపద్దు బడ్జెట్‌లో ఉపపద్దు రెండోసారి కలవడం: సమాధానం

మీరు నెలకు ‘ఖర్చులు:ఇల్లు’కి 10000, అందులోనే ‘ఖర్చులు:ఇల్లు:కరెంటు’కి 2000 అని రాశారు. హెచ్‌లెడ్జర్ (టెక్స్ట్ ఫైలులో రాసుకున్న జమాఖర్చుల లెక్కలు చూపే ప్రోగ్రామ్) బడ్జెట్ రిపోర్టులో మాత్రం ఇల్లు దగ్గర 12000 కనిపిస్తోందని అడిగారు. టెన్షన్ పడకండి, ఫైలు పాడవలేదు. ఉపపద్దుల (ఇక్కడ కరెంటు) నిల్వలు పైపద్దులో (ఇక్కడ ఇల్లు) కలిసినట్టే, వాటి బడ్జెట్లు కూడా పైపద్దులో కలుస్తాయి. అంటే మీరు పైపద్దుకి రాసే అంకె మొత్తం పరిమితి కాదు, ఉపపద్దులకు కేటాయించగా మిగిలినది. నాకూ ఇది తలకెక్కడానికి చాలా రోజులే పట్టింది.

కాబట్టి నెలవారీ నియమాన్ని (ఫైలులో నెల బడ్జెట్ రాసిన భాగాన్ని) ఇలా మార్చండి:

ఖర్చులు:ఇల్లు  8000
ఖర్చులు:ఇల్లు:కరెంటు  2000

ఇప్పుడు ఇల్లు 10000 చూపిస్తుంది. కరెంటు బిల్లు 1500 కడితే అది 2000లోనూ, 10000లోనూ లెక్కకొస్తుంది. బడ్జెట్ రాయని ‘ఖర్చులు:ఇల్లు:మరమ్మతులు’ మాత్రం ఒక్క ఇల్లు లెక్కలోకే వెళ్తుంది. రిపోర్టులో ఆ పద్దు విడిగా కనపడదు, చూడాలంటే రిపోర్టు కమాండ్‌కి ఎంప్టీ (--empty) ఆప్షన్ ఇవ్వండి.

పద్దు పేరుకీ అంకెకీ మధ్య కనీసం రెండు స్పేస్‌లు ఉండాలి. ఒక్కటే ఉంటే అంకె కూడా పేరులో భాగమైపోతుంది. మీరు పెట్టిన ఫైలులో మూడో వరుస అలాగే ఉంది, ముందు అది సరిచేయండి.

ఇంకో మాట: ప్రతి చిన్న పద్దుకీ బడ్జెట్ పెట్టకండి. చేయి దాటిపోతున్న ఒకటి రెండింటికి విడిగా పెట్టి, మిగతావి పైపద్దుకే వదిలేస్తే ప్రతి నెలా అంకెలు దిద్దే పని తగ్గుతుంది.