ఆ గోధుమరంగు ఆకులు కత్తిరించకు

అమ్మలూ,

నువ్వు పంపిన ఫోటో చూశాను. మొక్క కళగా ఉంది. కానీ "పెద్దమ్మా, కింది ఆకులన్నీ ఎండిపోయాయి, కత్తిరించేస్తున్నా" అన్నావు చూడు, అక్కడే నాకు టెన్షన్ పట్టుకుంది. కత్తెర పక్కన పెట్టి ముందు ఇది చదువు.

నీ దగ్గరున్నది డ్రైనేరియా క్వెర్సిఫోలియా అనే ఫెర్న్, నేలలో కాకుండా చెట్లని పట్టుకుని పెరిగే పువ్వులేని మొక్క. దానికి రెండు రకాల ఆకులుంటాయి. పచ్చగా, పొడుగ్గా, వేళ్లు చాపినట్టు చీలి ఉండేవి ఒక రకం. అవి మీటరు దాకా పెరుగుతాయి. రెండోవి పొట్టివి, కాడ లేకుండా దుంపని హత్తుకుని ఉంటాయి. అవి పుట్టిన కొన్నాళ్లకే గోధుమరంగుకి తిరిగి, ముట్టుకుంటే అప్పడంలా గలగలమంటాయి. అయినా రాలవు. దోసిలి పట్టినట్టుండే ఆ ఆకుల వెనక చెట్టు మీంచి రాలిన చెత్తా, దుమ్మూ చేరి కుళ్లి ఎరువవుతుంది. వేళ్లు అందులోకే పాకుతాయి. నేల అందని మొక్కకి అదే మట్టి, అదే నీటి తడి. నేనూ తెలియక, శుభ్రంగా ఉంటుందని ఒక మొక్కకి అవన్నీ పీకేశాను. ఆ వేసవి దాటలేదది. తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

మన అరకు, అనంతగిరి కొండల్లో ఇది చెట్ల కొమ్మల మీదా బండల మీదా ఉంటుంది. తడి తగ్గితే పచ్చాకులు రాల్చేసి, ఉత్త గోధుమరంగు దోసిలి ఆకులతో ఉండిపోతుంది. వానలు పడగానే కొత్త ఆకులు చుట్టలు విప్పుకుంటూ వస్తాయి. హైదరాబాద్ ఎండలకి నీ బాల్కనీలోనూ అలాగే అయితే, చచ్చిందని పారేయకు. దుంప నొక్కి చూడు. గట్టిగా ఉందంటే బతికున్నట్టే.

కుండీ మట్టిలోంచి మాత్రం తీసెయ్యి. ఉడత తోకలా నూగుతో ఉండే ఆ దుంప పైకి కనబడుతూ ఉండాలి, పూడిస్తే కుళ్లుతుంది. పాత చెక్క మీద కొబ్బరిపీచు పరిచి, దుంపని దాని మీద పెట్టి కొబ్బరితాడుతో కట్టు. పీచు ఆరాక నీళ్లు చిలకరించు. పొద్దుటి ఎండ చాలు, మధ్యాహ్నపు ఎండ తగలనివ్వకు.

పచ్చాకుల వెనక వరసలుగా గోధుమరంగు చుక్కలు కనిపిస్తే పురుగనుకుని మందు కొట్టేవు! ఫెర్న్‌కి పువ్వూ విత్తనం ఉండవు కదా, ఆ చుక్కల్లోని పొడే దాని సంతానం.

ఇంకో మొక్క కావాలంటే నర్సరీలో కొనుక్కో. కొండలకి వెళ్లినప్పుడు చెట్టు మీది దాన్ని పీకకు. తమిళనాడు కొల్లి కొండల్లో దీని దుంపతో సూప్ కాచి అమ్ముతారు. అక్కడ సంచుల్లో పోసిన దుంపల్ని చూస్తే, ఒక్కొక్కటి ఎన్నేళ్లు పాకితే అంతయిందో అనిపిస్తుంది నాకు.

చెక్కకి కట్టాక ఫోటో పంపు. తాడు మరీ బిగించకు.

మీ పెద్దమ్మ