పరుగు పెంచితే కుక్క కుదురుకోదు, ముక్కుకు పని చెప్పండి

ఏడాదిన్నర వయసున్న మీ లాబ్రడార్‌ను రెండు పూటలా నడిపిస్తున్నా, బంతి విసిరి అలిసిపోయేదాకా ఆడిస్తున్నా, ఇంట్లోకి రాగానే సోఫా మీదికి దూకుతోందని, చెప్పులు కొరుకుతోందని రాశారు. ఇంకా ఎక్కువ పరుగెత్తించాలా అని అడిగారు. అవసరం లేదని నా అభిప్రాయం. మా ఇంట్లోనూ ఇదే జాతి కుక్క ఉంది కాబట్టి అనుభవంతో చెబుతున్నాను.

బంతి వెంట పదేపదే పరుగెత్తిన కుక్కకు కాళ్లు అలుస్తాయి గాని, లోపలి ఉద్రేకం వెంటనే చల్లారదు. పైగా రోజూ పరుగెత్తేకొద్దీ దమ్ము పెరుగుతుంది కనుక, ఈ నెల సరిపోయిన ఆట వచ్చే నెలకు చాలదు. ఎదిగిన కుక్క రోజుకు 12 నుంచి 14 గంటలు నిద్రపోవడం సహజం. మీ కుక్క అంతసేపు పడుకుంటోందో లేదో ముందు గమనించండి. నిద్ర చాలని కుక్క కూడా పసిపిల్లల మాదిరిగానే చిందులు వేస్తుంది.

మేము చేసిన పని చాలా చిన్నది. ఉదయం పెట్టే డ్రై ఫుడ్‌లో సగాన్ని గిన్నెలో పోయకుండా, పాత తువ్వాలు మీద చల్లి, చుట్టి నేల మీద పెట్టాము. మొదట అది గోళ్లతో గీరింది, నోటితో పట్టి విదిలించింది. కాసేపటికి పంజా ఆపి, ముక్కును మడతల్లోకి దూర్చి, బుసబుసమని గాలి పీలుస్తూ ఒక్కొక్క మడతనే నెట్టుకుంటూ విప్పసాగింది. ఆఖరి గింజ దొరికాక అక్కడే పడుకుని, వెనక కాళ్లు రెండూ ఒక పక్కకు వాల్చేసింది. ఈ వాలును గుర్తు పెట్టుకోండి: రెండు తొడల మీద సమంగా కూర్చున్న కుక్క ఏ క్షణంలోనైనా లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు, నడుము ఒక పక్కకు వాల్చిందంటే నిజంగా సేదదీరుతున్నట్టు.

కుక్క లోకాన్ని తెలుసుకునేది ప్రధానంగా వాసనతోనే. కుక్కల ప్రవర్తనపై పరిశోధించే షార్లొట్ ద్యురాంటన్, అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2019లో ప్రచురించిన అధ్యయనంలో, కొన్ని కుక్కలకు రెండు వారాల పాటు వాసనతో వెతికే పని, మరికొన్నింటికి యజమాని పక్కనే నడిచే శిక్షణ ఇచ్చారు. తిండి ఉందో లేదో తెలియని గిన్నె వైపు, వెతికే పని చేసిన కుక్కలు మునుపటికంటే త్వరగా వెళ్లాయి. అంటే వాటిలో ఆశాభావం పెరిగిందన్నమాట. రెండో గుంపులో ఆ మార్పు రాలేదు. అందుకే నడకలో కూడా లీషు లాగకుండా, చెట్టు మొదలు, గోడ మూల తనివితీరా వాసన చూడనివ్వండి. ఎండాకాలంలో రోడ్డు కాలుతున్నప్పుడు ఇంట్లోనే గింజలు దాచి వెతికించవచ్చు.

వెతకడం ముగిశాక విశ్రాంతిని కూడా నేర్పాలి. అమెరికా పశువైద్యురాలు కేరెన్ ఓవరాల్ రూపొందించిన 15 రోజుల అభ్యాసం ఇందుకు చాలా మంచిది. బొంత మీద కుక్కను కూర్చోబెట్టి, మీరు ఒక అడుగు వెనక్కి వేస్తారు, చప్పట్లు కొడతారు, తలుపు దాకా వెళ్లి వస్తారు, చివరికి కాలింగ్ బెల్ కూడా మోగిస్తారు. అది కదలకుండా ఉన్న ప్రతిసారీ ఒక గింజ ఇస్తారు. అదిలించడం, గొంతు పెంచడం ఇందులో లేవు, ఉండకూడదు కూడా.

లాబ్రడార్లకు ఆకలి ఎక్కువ. వాటిలో దాదాపు నాలుగో వంతు కుక్కలకు ఆకలికి సంబంధించిన పీఓఎంసీ అనే జన్యువులో లోపం ఉందని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు గుర్తించారు. తిండితో నేర్పడం తేలికే గాని బరువు కూడా తేలిగ్గానే పెరుగుతుంది కనుక, ఈ గింజలన్నీ రోజువారీ కొలతలోంచే తీయండి. ఉల్లి, ఎండుద్రాక్ష, జైలిటాల్ (చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం) కలిసిన పీనట్ బటర్ మాత్రం పెట్టవద్దు. తువ్వాలును మొదట వదులుగా చుట్టండి. పని మరీ కష్టమైతే కుక్క విసిగి మొరుగుతుంది, బట్టను చింపి మింగే ప్రమాదమూ ఉంది, కాబట్టి దగ్గరే ఉండండి.

ఈ అలజడి ఉన్నట్టుండి మొదలైతే, లేదా అది చెవులు గీరుకుంటూ, పాదాలు నాకుతూ ఉంటే, శిక్షణ కంటే ముందు పశువైద్యునికి చూపించండి. దురద, నొప్పి ఉన్న కుక్క ఏ బొంత మీదా నిలవదు.