టెక్ సందేహాలు: హెడ్‌ఫోన్స్‌లో దడదడ, ఫోన్లో నిశ్శబ్దం

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని ఎలక్ట్రానిక్ డ్యాన్స్ మ్యూజిక్ చేసుకునే వాళ్లవే. ఏ ప్రశ్న చూసినా చివరికి ‘ఏం కొనమంటారు?’ దగ్గరే ఆగుతోంది. నా జవాబుల్లో మాత్రం కొనాల్సినవి దాదాపు లేవు. ఎలక్ట్రానిక్స్ షాపుల వాళ్లు ఏమనుకోకండి.

ప్రశ్న: చిన్న మిడి కీబోర్డు (కంప్యూటర్‌లోని వాయిద్యాల్ని మోగించే కీబోర్డు) కొన్నాను. కీ నొక్కిన కాసేపటికి గానీ శబ్దం రావడం లేదు. ల్యాప్‌టాప్ పాతది, 8 జీబీ ర్యామ్. కొత్తది కొనేయమంటారా? వినడానికి బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ వాడుతున్నాను.

అసలు విషయం మీ చివరి వాక్యంలో ఉంది. బ్లూటూత్‌లో శబ్దాన్ని కుదించి పంపాలి, అవతల మళ్లీ విప్పాలి. ఈ తతంగానికి మామూలుగా 100 నుంచి 200 మిల్లీసెకన్లు పడుతుంది. సినిమా చూసేటప్పుడు ప్లేయర్ బొమ్మని కూడా అంతే ఆలస్యం చేసి సర్దేస్తుంది కాబట్టి తేడా తెలియదు. మీ వేలిని ఎవరూ ఆలస్యం చేయలేరుగా! 128 బీపీఎం (నిమిషానికి 128 బీట్లు) పాటలో ఒక బీటుకి 469 మిల్లీసెకన్లు, అందులో నాలుగో వంతు 117. అంటే మీరు కొట్టింది దాదాపు పావు బీటు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ఆలస్యంగా వినిపిస్తోంది. ముందు వైరున్న ఇయర్‌ఫోన్స్ పెట్టి చూడండి, ఎంత మామూలువైనా సరే.

అప్పటికీ ఆలస్యం ఉంటే సాఫ్ట్‌వేర్‌లో ఆడియో సెట్టింగ్స్ తెరవండి. విండోస్ అయితే ఏసియో డ్రైవర్ (ఆడియోని తక్కువ ఆలస్యంతో నడిపే సాఫ్ట్‌వేర్) ఎంచుకోవాలి. విడిగా ఆడియో ఇంటర్‌ఫేస్ (బయటి సౌండ్ కార్డు) లేకపోతే ‘ఏసియో ఫర్ ఆల్’ అనే ఉచిత డ్రైవర్ ఉంది. మ్యాక్‌లో ఈ గొడవ లేదు. అక్కడే ‘బఫర్ సైజ్’ అని ఒక అంకె కనిపిస్తుంది. కంప్యూటర్ ఒక్కో విడతలో ఎన్ని శాంపిల్స్ (శబ్దాన్ని కొలిచిన అతి చిన్న ముక్కలు) సిద్ధం చేసి పంపాలో చెప్పే అంకె అది. సెకనుకి 44,100 శాంపిల్స్ లెక్కన, 1024 పెడితే ఒక్క ఆ బఫర్‌కే 23 మిల్లీసెకన్లు, 128 పెడితే 3. డ్రైవర్, ఇంటర్‌ఫేస్ తమ వాటా ఇంకొంచెం కలుపుతాయి. తక్కువ పెట్టేకొద్దీ ప్రాసెసర్‌కి ఊపిరాడదు, టపటపమని చప్పుళ్లు మొదలవుతాయి. అందుకే వాయించేటప్పుడు 128 లేదా 256, మిక్స్ చేసేటప్పుడు (ట్రాకుల్ని కలిపి సర్దేటప్పుడు) 1024 పెట్టుకోవడం అలవాటు చేసుకోండి. బరువైన సింథ్ (శబ్దాన్ని కంప్యూటర్‌లోనే పుట్టించే వాయిద్యం) ట్రాకుల్ని ‘ఫ్రీజ్’ చేస్తే అవి మామూలు ఆడియోగా మారి ప్రాసెసర్‌కి భారం తగ్గుతుంది. చార్జర్ పెట్టే పని చేయండి. బ్యాటరీ మీద ఉంటే చాలా ల్యాప్‌టాప్‌లు వేగం తగ్గించేసుకుంటాయి. ఆర్కెస్ట్రా లైబ్రరీల్లాంటి పెద్ద శాంపిల్ సెట్లు (రికార్డు చేసిన వాయిద్య శబ్దాలు) వాడనంతవరకు 8 జీబీతో డ్యాన్స్ మ్యూజిక్ నడిచిపోతుంది.

ప్రశ్న: ఏ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాలి? ఎఫ్‌ఎల్ స్టూడియో ట్రయల్‌లో చేసిన పాట సేవ్ చేశాను, ఇప్పుడు తెరుచుకోవడం లేదు.

ఫైల్‌కి ఏమీ కాలేదు, కంగారు పడకండి. ఆ ట్రయల్ పద్ధతే అంత. సేవ్ చేయనిస్తుంది కానీ, కొనేదాకా తిరిగి తెరవనివ్వదు. కొన్న రోజున మీ పాట మీకు దొరుకుతుంది. అందాకా, మూసేముందు ప్రతి ట్రాక్‌నీ విడివిడిగా వేవ్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి.

ఇక ఏది మంచిదంటే, అన్నీ కిక్ (పెద్ద డ్రమ్ దెబ్బ) వాయిస్తాయి. మ్యాక్‌లో గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం, విండోస్, లినక్స్‌లకి ఎల్‌ఎంఎంఎస్ ఉచితం. రీపర్‌ని 60 రోజులు ఏ కోతా లేకుండా వాడి చూడొచ్చు. మీకు మిడి కీబోర్డు ఉంటే దాని పెట్టె ఒకసారి వెతకండి. చాలా కంపెనీలు ఏబుల్టన్ లైవ్ లైట్ లైసెన్సు కూడా ఇస్తాయి, ఆ కాగితాన్ని మనం చూడకుండా పారేస్తాం. సింథ్‌లకి వైటల్ ఉచిత వెర్షన్, సర్జ్ ఎక్స్‌టీ ఉంటే ఏడాదిపాటు ఇంకోదాని వంక చూడక్కర్లేదు. ఏదో ఒకటి పట్టుకుని ఆరు నెలలు దాంతోనే ఉండండి.

ప్రశ్న: హెడ్‌ఫోన్స్‌లో నా పాట బేస్ గుండె అదిరేలా ఉంటుంది. ఫోన్ స్పీకర్‌లో పెడితే బేస్ అసలు లేనే లేదు. కారులో పెడితే బొయ్‌బొయ్ మంటూ అన్నిటినీ మింగేస్తోంది. గది గోడలకి ఫోమ్ అంటించినా మారలేదు. పెద్ద మానిటర్ స్పీకర్లు కొనాలా?

ఇది ఒక్క జబ్బు కాదు, మూడు. విడివిడిగా చూద్దాం.

ఫోన్ సంగతి తేలిక. మీ బేస్ నోటు 55 హెర్ట్‌జ్ అనుకోండి. గోరంత స్పీకర్ అంత కింది శబ్దాన్ని పలికించలేదు. మీరు ఎంత పెంచినా ఉపయోగం లేదు, పైగా హెడ్‌ఫోన్స్‌లో వినేవాళ్ల చెవులు పోతాయి. ఇక్కడ మన మెదడు చేసే ఒక చిత్రం పనికొస్తుంది. 110, 165, 220 హెర్ట్‌జ్‌లు కలిసి వినిపిస్తే, అసలు 55 లేకపోయినా మెదడు ఆ స్వరాన్ని తనే పూరించుకుంటుంది. కాబట్టి బేస్ ట్రాక్‌ని కాపీ చేయండి. కాపీలో 150 హెర్ట్‌జ్ కిందున్నదంతా కోసేయండి, మిగిలినదానికి శాచురేషనో డిస్టార్షనో వేసి గరగరలాడించండి. ఆ కాపీ ఫేడర్ (సౌండ్ పెంచి తగ్గించే మీట) పూర్తిగా కిందికి దించి, ఫోన్లో బేస్ లైన్ ట్యూన్ గుర్తుపట్టగలిగేదాకా మెల్లగా పైకి తేండి. అక్కడ ఆగండి. అసలు ట్రాక్‌ని ముట్టుకోకండి.

రెండోది గది. దీని మీద కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నేను ఏడాదిపాటు దీనివల్లే తప్పు మిక్స్‌లు చేశాను. మా గదిలో ఎదురెదురు గోడల మధ్య దూరం 3.4 మీటర్లు. గాలిలో శబ్దం వేగం సెకనుకి సుమారు 343 మీటర్లు. 50 హెర్ట్‌జ్ అల పొడవు దాదాపు 6.9 మీటర్లు, అందులో సగం సరిగ్గా మా గదికి సరిపోతుంది. అలాంటి అల గోడల మధ్య ముందుకీ వెనక్కీ కొట్టుకుని స్థిరపడుతుంది. గోడల దగ్గర ఉబ్బుతుంది, నట్టనడుమ దాదాపు మాయమైపోతుంది. నా కుర్చీ ఎక్కడుందంటారా? చూడ్డానికి బాగుంటుందని నట్టనడుమే వేశాను. కిక్ పలచగా ఉందని 6 డీబీ (డెసిబెల్స్) పెంచాను. ఆ పాటని స్నేహితుడి ఇంట్లో పెడితే కిటికీ అద్దాలు జలజలలాడాయి. పాటలో మిగతావి ఉన్నాయో లేవో ఎవరికీ తెలియలేదు.

మీ గదినీ ఇలా పరీక్షించండి. సింథ్‌లో సైన్ వేవ్ (ఒకే స్వరం ఉన్న శుద్ధ శబ్దం) పెట్టి, 50 హెర్ట్‌జ్ చుట్టుపక్కల ఒక నోటు తక్కువ సౌండ్‌లో ఆగకుండా మోగించి, గదిలో నెమ్మదిగా నడవండి. గోడ దగ్గర చెవిలో బూర ఊదినట్టుంటుంది. రెండడుగులు ఇవతలికి వేస్తే తగ్గుతుంది, ఒకచోట ఎవరో స్విచ్ ఆపేసినట్టు ఆగిపోతుంది. మూలకెళ్తే మళ్లీ లేస్తుంది. నోటు మారిస్తే ఈ చోట్లు కూడా మారతాయి. ఒక్కసారి ఇది చెవితో వింటే మళ్లీ గదిని నమ్మరు. కుర్చీ నడుమ ఉంటే జరపండి. స్పీకర్ల వెనక గోడ నుంచి గది పొడవులో 38 శాతం దూరాన కూర్చోవడం స్టూడియోల వాళ్లు వాడే ఒక మోటు లెక్క. అక్కడ మొదలుపెట్టి చెవితో సర్దుకోండి.

మీ ఫోమ్ గురించి చేదు నిజం. రెండంగుళాల ఫోమ్ పై శబ్దాల్నే పీలుస్తుంది, ఏడు మీటర్ల అల దాన్ని పట్టించుకోనే పట్టించుకోదు. పైపెచ్చు పైవన్నీ మందగించి బేస్ ఇంకా ఎక్కువైనట్టు అనిపిస్తుంది. మూలల్లో మందపాటి రాక్‌వూల్ (రాతి పీచు) ప్యానెళ్లు పెడితే తేడా వస్తుంది. అలాంటి గదిలో ఎనిమిదంగుళాల స్పీకర్లు పెట్టడమంటే గొడవని ఇంకా పెంచుకోవడమే, వద్దు. బేస్ ఎంత ఉండాలన్నది హెడ్‌ఫోన్స్‌లోనే తేల్చుకోండి. మీకు నచ్చిన పాట ఒకటి ప్రాజెక్టులో పెట్టుకుని, దాని సౌండ్ మీ పాటకి సమానంగా తగ్గించి, మార్చి మార్చి వినండి.

ఇక కారులో బొయ్‌బొయ్. కారు చిన్న పెట్టెలాంటిది, బేస్‌ని సహజంగానే ఉబ్బిస్తుంది. కానీ మీ కిక్ తోక, బేస్ నోటు ఒకే చోట పడి కొట్టుకుంటున్నాయని నా అనుమానం. దీనికి సైడ్‌చెయిన్ వాడతారు, అంటే ఒక శబ్దం పడినప్పుడల్లా ఇంకోదాన్ని తగ్గించడం. బేస్ ట్రాక్ మీద కంప్రెసర్ (హద్దు దాటిన సౌండ్‌ని తగ్గించే ప్లగిన్) వేసి, దాని సైడ్‌చెయిన్ ఇన్‌పుట్‌గా కిక్‌ని ఇవ్వండి. రేషియో (ఎంత గట్టిగా తగ్గించాలో) 4:1, అటాక్ (ఎంత త్వరగా తగ్గించాలో) వీలైనంత వేగంగా పెట్టండి. కిక్ పడినప్పుడల్లా బేస్ 4 నుంచి 6 డీబీ తగ్గేలా థ్రెషోల్డ్ (తగ్గించడం మొదలయ్యే హద్దు) దించండి. అసలు కిటుకు రిలీజ్‌లో, అంటే తగ్గిన సౌండ్ మళ్లీ లేవడానికి పట్టే సమయంలో ఉంది. 128 బీపీఎంలో రెండు కిక్‌ల మధ్య 469 మిల్లీసెకన్లే ఉంటాయి కదా, బేస్ ఆలోపే తేరుకోవాలి. 150 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టి పెంచుతూ వెళ్లండి. కాసేపటికి పాట మొత్తం ఊపిరి పీల్చి వదులుతున్నట్టు ఊగుతుంది. అది మీకు నచ్చితే ఉంచుకోండి, ఆ ఊపు కోసమే సైడ్‌చెయిన్ వాడే హౌస్ పాటలు ఎన్నో ఉన్నాయి. చివరగా, 100 హెర్ట్‌జ్ కిందిదంతా మోనో (కుడి ఎడమల్లో ఒకేలా) చేయండి. స్టీరియో వెడల్పు ప్లగిన్లు బేస్ మీద వేస్తే, కుడి ఎడమలు కలిపి మోగించే స్పీకర్లలో అవి ఒకదాన్నొకటి చంపుకుంటాయి.

ప్రశ్న: మైనస్ 14 లఫ్స్ (పాట ఎంత పెద్దగా వినిపిస్తుందో చెప్పే కొలత) ఉండాలని చదివి అలాగే మాస్టర్ (విడుదలకి ముందు చివరి మెరుగు) చేశాను. మిగతా పాటల పక్కన నాది నీరసంగా ఉంది.

మైనస్ 14 అనేది స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో పాటల్ని మోగించే స్థాయి. అంతకంటే పెద్దగా ఉన్నదాన్ని అది తగ్గించి వినిపిస్తుంది. మీరు అంతే చేయాలన్న రూలేం లేదు. డ్యాన్స్ పాటలు సాధారణంగా అంతకంటే బాగా పెద్దగానే మాస్టర్ అవుతాయి. పాటకి కుదిరినంత పెద్దగా చేయండి, కిక్ తన దెబ్బ కోల్పోయి చప్పగా అనిపించిన చోట వెనక్కి రండి. ట్రూ పీక్ (శబ్దం అందుకునే అసలు శిఖరం) మైనస్ 1 డీబీ దాటనివ్వొద్దు. మైనస్ 14 కంటే పెద్దగా ఉన్న పాటలకి మైనస్ 2 ఉంచమని స్పాటిఫై సూచన. ఎంపీ3 లాంటి ఫార్మాట్లలోకి మార్చినప్పుడు శిఖరాలు కాస్త పైకి లేస్తాయి, అందుకే ఆ జాగా.

ఇంకో మాట. సౌండ్ పెంచితే ఏదైనా బాగున్నట్టే ఉంటుంది. చిన్న సౌండ్‌లో మన చెవికి బేస్ తక్కువ అందుతుందని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. రాత్రి ఒంటి గంటకి పెద్ద సౌండ్‌లో అద్భుతం అనిపించిన మిక్స్ పొద్దున వింటే ఏడుపొచ్చేది చాలావరకు ఇందుకే. మామూలుగా మాట్లాడుకోగలిగే సౌండ్‌లో పని చేయండి. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలు హద్దు అంటుంది అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది.

ప్రశ్న: పాత పాటలోంచి 3 సెకన్లు వాడుకుంటే కాపీరైట్ రాదట కదా?

అదో పుకారు. ఇన్ని సెకన్లయితే ఫర్వాలేదు అనే లెక్క చట్టంలో లేదు. రికార్డింగ్ మీద ఒకరికి, పాట కట్టిన బాణీ మీద ఇంకొకరికి హక్కులుంటాయి, ఇద్దరి అనుమతీ కావాలి. ఇప్పుడు ఏఐతో గొంతు ఒక్కటే విడగొట్టడం నిమిషాల పని, హక్కులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

రాయల్టీ ఫ్రీ ప్యాక్‌లతో (రాయల్టీ కట్టకుండా వాడుకునే రెడీమేడ్ శబ్దాలతో) ఇంకో చిక్కు ఉంది. అదే మెలోడీ లూప్‌ని (తిరిగి తిరిగి మోగే ముక్కని) ఇంకెవరో ముందే తమ పాటలో పెట్టి యూట్యూబ్ కంటెంట్ ఐడీలో (పాటల్ని పోల్చి పట్టుకునే వ్యవస్థలో) చేర్చి ఉంటే, మీ పాట మీద క్లెయిమ్ రావచ్చు. విడి డ్రమ్ దెబ్బలతో ఈ భయం చాలా తక్కువ. మెలోడీ లూపులైతే ముక్కలు చేసి తిరగేయండి, లేదా మీరే నాలుగు నోట్లు వాయించండి. డౌన్‌లోడ్ చేసిన రోజే లైసెన్సు పేజీని పీడీఎఫ్‌గా దాచుకోండి, క్లెయిమ్ మీద వాదించడానికి అదే ఆధారం.

ప్రశ్న: స్నేహితుడిచ్చిన క్రాక్ ప్లగిన్ వేశాక ల్యాప్‌టాప్ నత్తలా నడుస్తోంది.

తీసేసి, పూర్తి వైరస్ స్కాన్ చేయండి. వేరే పరికరం నుంచి ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డులు మార్చండి. ప్రాజెక్టు ఫైళ్లు బయటికి కాపీ చేసి విండోస్ మళ్లీ వేసుకుంటే ఇంకా మేలు.

ప్రశ్న: నా దగ్గర 60 లూపులున్నాయి. ఒక్క పాటా పూర్తి కాలేదు. సాఫ్ట్‌వేర్ మార్చాలా?

వద్దు. 128 బీపీఎంలో 8 బార్ల (బార్ అంటే 4 బీట్లు) లూప్ సరిగ్గా 15 సెకన్లు. దాన్ని 16 సార్లు పక్కపక్కన అతికిస్తే 128 బార్లు, 4 నిమిషాలు. పొడవు వరకు పాట అయిపోయినట్టే! ఇప్పుడు మొదటి 16 బార్లలో కిక్, హై హ్యాట్ (డ్రమ్ సెట్‌లోని తాళాలు) తప్ప అన్నీ చెరిపేయండి. నడుమ ఒకచోట 16 బార్లపాటు కిక్, బేస్ తీసేయండి. అది ముగిసే చోట చివరి ఒక్క బీటు అన్నీ ఆపేసి, ఆ వెంటనే అన్నీ ఒకేసారి వదలండి. ముగింపులో వచ్చిన దారినే ఒక్కొక్కటీ తీస్తూ పోండి. ఒక సాయంత్రం పని. ఎంత అధ్వానంగా అనిపించినా ఎక్స్‌పోర్ట్ బటన్ నొక్కేదాకా కుర్చీ దిగకండి. మిగతా 59 సంగతి తర్వాత చూద్దాం.