ముందు సాధన, తర్వాతే పోస్టరు

చిరంజీవి చిన్నాకు మామయ్య ఆశీర్వదించి రాయునది.

కాలేజీ రోజుల్లో విడిపోయిన మీ రాక్ బృందాన్ని మళ్ళీ కూడగడుతున్నావనీ, హాలు కూడా మాట్లాడేశావనీ అక్కయ్య ఫోనులో చెప్పింది. ఎంతో సంతోషించాను, ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. "లెడ్ జెప్పెలిన్ వాళ్ళే కలిశారు, మేం కలవలేమా?" అన్నావట. ఆ ఇంగ్లండు రాక్ బృందం వాళ్ళు ఎలా కలిశారో పూర్తిగా తెలుసుకుని ఆ మాట అనవలసింది.

గిటార్లకు కొత్త తీగలు వేయించండి, డబ్బు లెక్క ముందే కాగితం మీద రాసుకోండి. ఇవి నీకు తెలిసినవే.

తెలియనిది 1985 నాటి సంగతి. వాళ్ళ డ్రమ్మర్ జాన్ బోనమ్ 1980 సెప్టెంబరులో చనిపోతే, అతను లేకుండా కొనసాగలేమని మిగిలిన ముగ్గురూ ఆ డిసెంబరులోనే ప్రకటించారు. అలాంటివాళ్ళు 1985 జూలై 13న లైవ్ ఎయిడ్ అనే విరాళాల కచేరీ కోసం ఫిలడెల్ఫియాలో మళ్ళీ వేదికెక్కారు. బోనమ్ స్థానంలో టోనీ థాంప్సన్, ఫిల్ కాలిన్స్ ఇద్దరూ కూర్చున్నారు. కాలిన్స్ అదే రోజు లండన్‌లో పాడి, కాంకార్డ్ విమానంలో అట్లాంటిక్ దాటి వచ్చాడు. అందరూ కలిసి సరైన సాధన చేసింది లేదు. గాయకుడు రాబర్ట్ ప్లాంట్ గొంతు బొంగురుపోయింది, జిమ్మీ పేజ్ గిటారు శృతి తప్పింది. చివరికి ఆ ప్రదర్శనను లైవ్ ఎయిడ్ డీవీడీలో చేర్చడానికి కూడా వాళ్ళు ఒప్పుకోలేదు.

ఇందులో కాలిన్స్ తప్పేమీ లేదని నా అభిప్రాయం. నేను కీబోర్డు వాయించిన పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయించే పెద్దాయన, చరణం చివర గాయకుడికి ఊపిరి అందుతోందో లేదో వింటూ, దెబ్బను వెంట్రుకవాసి వెనక్కి జరిపేవాడు. ఆ ఎరుక ఏళ్ళ తరబడి పక్కపక్కన కూర్చుంటే వస్తుంది గానీ, ఎంత గొప్పవాడికైనా విమానం దిగిన పూట రాదు. మీ డ్రమ్మర్ ప్రదర్శనకు ముందురోజు డాలస్ నుంచి దిగుతాడని విన్నప్పటి నుంచీ నాకు గుబులు పట్టుకుంది.

2007లో లెడ్ జెప్పెలిన్ వాళ్ళు ఆ తొందర పడలేదు. బోనమ్ కొడుకు జేసన్‌ను డ్రమ్స్ ముందు కూర్చోబెట్టుకుని ముందుగానే సాధన చేశారు. పేజ్ వేలు విరిగితే నవంబరు 26 నాటి కచేరీని డిసెంబరు 10కి వాయిదా వేసి, లండన్ ఓ2 అరీనాలో రెండు గంటలకు పైగా వాయించారు. ఆ తర్వాత పర్యటనకు ప్లాంట్ రానన్నాడు. మిగిలినవాళ్ళు వేరే గాయకులతో ప్రయత్నించి మానుకున్నారు. చాలామంది ప్లాంట్‌ను తిట్టుకున్నారు, నేను తిట్టను. ఒక్క రాత్రికి ఒప్పుకున్నవాడు ఏడాది పొడవునా అవే పాటలు పాడాలని ఎక్కడుంది? పేజ్‌కు 80 దాటాయి. ఇక కలుస్తారని నేను అనుకోవడం లేదు, కలవాలనీ కోరుకోవడం లేదు.

మీ గాయకుడు కూడా "చూద్దాం" అంటున్నాడట. వాట్సాప్ గ్రూపులో నలుగురి ముందూ అతన్ని నిలదీయకు నాయనా. పోస్టరు వేయకముందే ఇంటికి వెళ్ళి అడుగు. వద్దంటే టీ తాగి వచ్చెయ్యి. తేదీ మార్చమని హాలు వాళ్ళను అడగడానికి మొహమాటపడకు, అడ్వాన్సు పోతే పోనీ. డ్రమ్మర్‌ను కనీసం పది రోజుల ముందు రమ్మను. టికెట్టు ధర పెరిగితే ఆ తేడా నేను పంపుతాను, అక్కయ్యకు మాత్రం చెప్పకు.

ఇట్లు,
మీ మామయ్య