పూడ్చిన గుంత నెల తిరక్కుండానే ఎందుకు లేచిపోతుంది? మున్సిపాలిటీని ఏమని అడగాలి?

మీ ప్రశ్న ఇదీ: కాలనీ రోడ్డు మీది గుంత గురించి మున్సిపాలిటీలో మూడుసార్లు ఫిర్యాదు ఇచ్చారు. ఒకసారి వచ్చి పూడ్చారు, నెలలోపే లేచిపోయింది. ఇప్పుడు ఎవరిని పట్టుకోవాలి, పని సరిగ్గా చేశారో లేదో ఎలా తెలుసుకోవాలి?

ముందు ఆ రోడ్డు ఎవరిదో తేల్చుకోండి. ఊరి మధ్యలోంచి పోతున్నంత మాత్రాన మున్సిపాలిటీది అయిపోదు. పెద్ద రోడ్లు చాలాచోట్ల ఆర్ అండ్ బీ చేతిలోనో, జాతీయ రహదారుల విభాగం చేతిలోనో ఉంటాయి. లోపలి వీధులు మామూలుగా మున్సిపాలిటీవే. అయితే వెంచర్ వేసినవాళ్లు ఇంకా అప్పగించని రోడ్ల విషయంలో పేచీ వస్తుంది.

తర్వాత ఆ రోడ్డు ఎప్పుడు వేశారో కనుక్కోండి. కాంట్రాక్టరుతో రాసుకున్న అగ్రిమెంటులో డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ ఉంటుంది. మన దగ్గర చాలా పనులకు అది రెండేళ్లు. ఆ గడువులో రోడ్డు చెడితే కాంట్రాక్టరే సొంత ఖర్చుతో బాగుచేయాలి. అతని బిల్లులో పట్టుకున్న డిపాజిట్ మున్సిపాలిటీ దగ్గర ఉండేది ఇందుకే. ఆ సంగతి ఎవరూ ఎత్తకపోతే మాత్రం మరమ్మతు ఖర్చు మున్సిపల్ నిధుల మీద పడుతుంది, అంటే మనం కట్టే పన్నుల మీద. కాబట్టి ఫిర్యాదులో మొదటి వాక్యం ఇదే కావాలి: ‘ఈ రోడ్డు డిఫెక్ట్ లయబిలిటీ గడువులో ఉందా, ఉంటే కాంట్రాక్టరుకు నోటీసు ఇచ్చారా?’

గడువు దాటితే దారి వేరు. మున్సిపాలిటీ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) వచ్చి కొలతలు తీసుకోవాలి, ఎస్ఎస్ఆర్ (ప్రభుత్వ పనులకు ఖరారు చేసిన ధరల పట్టిక) రేట్ల ప్రకారం అంచనా వేయాలి, మంజూరు రావాలి, టెండరు పిలవాలి. పని అయ్యాక ఎం బుక్‌లో, అంటే చేసిన పని కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్‌లో, ఎక్కిస్తేనే బిల్లు. ఒక్క గుంత కోసం ఇంత తతంగం నడవదు, వార్డులో ఉన్నవన్నీ కలిపి ఒక పనిగా పెడతారు. అందుకని మీరూ వీధిలోని గుంతలన్నీ పొడవు, వెడల్పు, లోతులతో ఒకే కాగితం మీద రాసివ్వండి. ఇంటి నంబరో, కరెంటు స్తంభం నంబరో గుర్తుగా పెట్టండి. ఏఈకి సగం పని తగ్గుతుంది, కాగితం కదులుతుంది.

ఇక అసలు విషయం, ప్యాచ్ నిలబడకపోవడం. గుంతలో రెండు పారల మిక్స్ (తారు, కంకర కలిపిన మిశ్రమం) పోసి, పార వీపుతో తట్టి వెళ్లిపోతే అది మరమ్మతు కాదు. గుంత చుట్టూ గట్టి తారు తగిలేదాకా నలుపలకలుగా కోయాలి, అంచులు నిట్టనిలువుగా ఉండాలి. అంచు పలచగా వాలుతూ ఉంటే మొదట ఊడేది అక్కడే. అడుగున వదులు కంకర, మట్టి, తడి ఏదీ మిగలకూడదు. తర్వాత అడుగుకూ పక్కలకూ ఎమల్షన్ (నీళ్లలో కలిపిన పలచటి తారు) పూయాలి, చదరపు మీటరుకు పావు కిలో సరిపోతుంది. పూసినప్పుడు అది చాక్లెట్ రంగులో ఉంటుంది, నీరు విడిపోయి నల్లబడేదాకా ఆగి మిక్స్ వేయాలి. ఎక్కువగా ఎగ్గొట్టేది ఈ పది పదిహేను నిమిషాల ఆగడమే.

సాధారణ వీజీ-30 రకం తారుతో చేసిన హాట్ మిక్స్ పరిచేటప్పుడు కనీసం 140 డిగ్రీల వేడి ఉండాలి, 90కి పడిపోకముందే రోలింగ్ ముగియాలి. గడ్డలు కట్టి, మెరుపు పోయిన మిక్స్ దిగుతుంటే అది చల్లారిపోయిందని అర్థం. లోతు ఎక్కువైతే పొరలు పొరలుగా నింపి, ఒక్కో పొరనూ దిమ్మిస చేయాలి. రోలింగ్ అయ్యాక ప్యాచ్ చుట్టూ ఉన్న రోడ్డుకంటే కొద్ది మిల్లీమీటర్లు ఎత్తుగా ఉండాలి, బండ్లు తిరిగి అది సర్దుకుంటుంది. పరిమాణం కూడా సులువుగా లెక్కేయొచ్చు: మీటరు పొడవు, మీటరు వెడల్పు, 5 సెంటీమీటర్ల లోతు గుంతకు దాదాపు 115 కిలోల మిక్స్ పడుతుంది. అలాంటివి పది ఉన్నచోటికి అరటన్ను మాత్రమే వచ్చిందంటే సగం కూడా నిండవు.

వానాకాలంలో హాట్ మిక్స్ వేయమని పట్టుబట్టకండి. తడి మీద తారు అంటదు. అప్పటికి వేడి చేయకుండానే వేసే కోల్డ్ మిక్స్‌తోనో, తడిపి దిమ్మిస చేసిన కంకరతోనో తాత్కాలికంగా పూడ్చి, ఎండలు కాశాక పక్కా పని చేయాలి. ఆ రెండో విడత ఎప్పుడో రాతపూర్వకంగా అడగండి.

ఇవన్నీ సరిగ్గా చేసినా ఒకేచోట మళ్లీ మళ్లీ గుంత పడుతోందంటే తప్పు నీళ్లది. కుళాయి పైపు లీకవుతుండొచ్చు, డ్రైన్ అంచు రోడ్డుకంటే ఎత్తులో ఉండొచ్చు, పైపు కోసం తవ్విన కందకాన్ని ఒక్కసారే మట్టితో నింపి ఉండొచ్చు. ఆరు మీటర్ల తారు రోడ్డుకు నడుమ నుంచి అంచుకు సుమారు 75 మిల్లీమీటర్ల వాలు ఉండాలి. వాన వెలిశాక అరగంటకు వెళ్లి చూడండి, నీళ్లు ఎక్కడ నిలిచాయో ఫొటో తీయండి. వాన లేని రోజు కూడా గుంత తడిగా ఉంటే ఫిర్యాదు నీటి సరఫరా విభాగానికీ ఇవ్వాలి, లీకు కట్టకుండా తారు వేయడం దండగ. కందకమైతే 15 సెంటీమీటర్ల పొరలుగా నింపి, దిమ్మిస చేశాకే పైన తారు వేయాలి.

జవాబు రాకపోతే ఆంధ్రలో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, తెలంగాణలో సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. దాంతోపాటు 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. అంచనా, అగ్రిమెంటు, ఎం బుక్ పేజీలు, క్వాలిటీ కంట్రోల్ నివేదిక, ఈ నాలుగింటి నకళ్లు అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. పనిని తనిఖీ చేయడానికీ, వాడిన సామగ్రి నమూనాలు ధ్రువీకరించి తీసుకోవడానికీ 2005 చట్టంలోనే హక్కు ఉంది, చాలామంది దాన్ని వాడుకోరు. ఎం బుక్ చేతికొచ్చాక అందులోని పొడవు, వెడల్పు, మందాలను మీ కాగితం మీది కొలతల పక్కన పెట్టి చూడండి. తేడా కనిపిస్తే రెండు నకళ్లూ జతచేసి కమిషనరుకు ఇవ్వండి.