ఉంటే వేరు, ఉంటేనే వేరు

ప్రశ్న: మాది గుంటూరు, కొరిటెపాడు. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, హెచ్‌ఈసీ. పదో తరగతి వరకు తెలుగు మీడియం. జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్‌కి చదువుతోంది. మాక్ టెస్టుల్లో ‘పేరాను బట్టి కచ్చితంగా ఏది తేలుతుంది’ అనే ప్రశ్నలు సగానికి సగం పోతున్నాయి. ఇంగ్లిష్ వీక్ అంటున్నారు. క్లాట్ మానిపించి, రాష్ట్ర లా కాలేజీల ప్రవేశ పరీక్ష లాసెట్ ఒక్కటే రాయించమంటారా?

జవాబు: మీరు పంపిన నాలుగు మాక్ పేపర్లూ చూశానండీ. ఇంగ్లిష్ సెక్షన్లో అమ్మాయికి మార్కులు బాగానే వస్తున్నాయి, కాబట్టి ఆ ‘వీక్’ అన్న మాట వదిలేయండి. పెన్సిల్ గీతలు చూస్తే సంగతి తెలిసిపోతోంది. నాలుగు ఆప్షన్లలో రెండింటిని సరిగ్గానే కొట్టేస్తోంది. మిగిలిన రెండింట్లో ‘నిజం కావచ్చు’ అనిపించేదాన్ని పెడుతోంది. అడిగిందేమో ‘నిజం కాక తప్పనిది’.

ఇక అమ్మాయితోనే మాట్లాడతాను, ఇది తనకివ్వండి.

తల్లీ, మూడో పేపర్లో ఎరువుల రాయితీ ప్రశ్న గుర్తుందా? సంఘం సభ్యులకే రాయితీ. బకాయి ఉన్నవాళ్ళెవరికీ రాదు. రాముకి రాయితీ వచ్చింది. సీత సభ్యురాలు, బకాయి లేదు. నువ్వు ‘సీతకి రాయితీ వచ్చింది’ అని పెట్టి, పక్కన చిన్నగా ‘ఎందుకు రాదు?’ అని రాసుకున్నావు. లా చదవాలనుకునే పిల్లలకి వచ్చే జబ్బే ఇది. అర్హత ఉన్న మనిషికి రాకపోతే మనసొప్పదు. కానీ సీత అసలు దరఖాస్తే పెట్టలేదేమో, సరుకు అయిపోయిందేమో. రాము సంగతి అలా కాదు. రాయితీ వచ్చిందంటే సభ్యుడై ఉండాలి, బకాయి లేకుండానూ ఉండాలి.

ఇప్పుడు ఈ రెండు వాక్యాలు పైకి చదువు. ‘హాల్ టికెట్ ఉంటే లోపలికి పంపుతారు.’ ‘హాల్ టికెట్ ఉంటేనే లోపలికి పంపుతారు.’ మొదటిది విన్నాక, టికెట్ పట్టుకెళ్ళినవాణ్ణి ఆపితే గొడవ పడొచ్చు. రెండోది విన్నాక పడలేం. టికెట్ చేతిలో ఉండి కూడా నిమిషం నిబంధనకి గేటు బయట ఏడ్చిన పిల్లల గురించి విన్నదానివే కదా. ఈ తేడా నీకు ఎవరూ నేర్పనక్కర్లేదు, బడికి వెళ్ళకముందే వచ్చు. ఇంగ్లిష్‌లో ‘ఓన్లీ’ వాక్యంలో ఎక్కడో నక్కి ఉంటుంది, కన్ను దాటిపోతుంది. తెలుగులో ‘ఉంటేనే’ చివరున్న ‘ఏ’ మాటకే అతుక్కుని వినపడుతుంది. అందుకని పేపర్లో ‘ఓన్లీ’ కనపడగానే మార్జిన్‌లో ‘ఏ’ అని రాసుకో. ‘అన్‌లెస్’ కనపడితే ‘తప్ప’ అని రాసుకో. ఫీజు కడితే తప్ప పేరు ఎక్కించరు అన్నారనుకో. పేరు ఎక్కిందంటే ఫీజు కట్టినట్టే. ఫీజు కట్టాడని చెప్తే మాత్రం పేరు ఎక్కిందో లేదో మనకి తెలీదు.

ఒక్కచోట మాత్రం మన తెలుగే ముంచుతుంది. ‘పెళ్ళికి కొందరు వచ్చారు’ అంటే మిగతావాళ్ళు రాలేదనే మనకి అర్థం. పరీక్షలో ‘సమ్’ అంటే కనీసం ఒక్కరు, అంతే. అందరూ వచ్చి ఉన్నా ఆ వాక్యం తప్పు కాదు.

‘అన్నీ’, ‘కొన్ని’ కలిసి వస్తే ఇంకా జాగ్రత్త. మీ ఊరి మిర్చి యార్డు సరుకుతోనే చూద్దాం. తేజ రకం టిక్కీలన్నీ, అంటే మిర్చి బస్తాలన్నీ, కోల్డ్ స్టోరేజీకి వెళ్ళాయి. స్టోరేజీకి వెళ్ళిన టిక్కీల్లో కొన్ని ఎగుమతి అయ్యాయి. అయితే తేజ కొన్నైనా ఎగుమతి అయినట్టేనా? వెంటనే అవుననిపిస్తుంది. ఎగుమతైనవన్నీ వేరే రకాలే అయితే? పై రెండు వాక్యాలకీ ఏ ఢోకా లేదు. కాబట్టి ఆ ఆప్షన్ పోయింది.

ఇప్పుడు చేసిన పనే పద్ధతిగా పెట్టుకో. ఆప్షన్‌ని ‘కాదు’ అనుకుని చూడు. అలా అనుకుంటే పేరాలో ఏ వాక్యమైనా విరిగిందా? విరిగితే అదే జవాబు. రాము సభ్యుడు కాదనుకో, మొదటి వాక్యమే విరిగిపోతుంది. సీతకి రాలేదనుకో, ఏదీ విరగదు. మొదట్లో ఒక్కో ప్రశ్నకి మూడు నిమిషాలు పట్టినా కంగారు పడకు.

క్లాట్‌లో 120 ప్రశ్నలు, 120 నిమిషాలు. తప్పుకి పావు మార్కు కోత. ఆ పావుకి భయపడి, రెండు ఆప్షన్ల దాకా వచ్చి కూడా నువ్వు ప్రశ్నలు వదిలేస్తున్నావు. అలాంటివి నాలుగు పెట్టి రెండు తప్పినా ఒకటిన్నర మార్కు మిగులుతుంది. వదలకు.

అయ్యా, మళ్ళీ మీతో. క్లాట్ మానిపించకండి. విశాఖ దగ్గర సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీకైనా, హైదరాబాద్ నల్సార్‌కైనా దారి అదే. కొన్నేళ్ళుగా ఆ పరీక్ష డిసెంబరులో అయిపోతోంది. లాసెట్ ఆ తర్వాత కొన్ని నెలలకి గానీ రాదు కాబట్టి రెండూ రాయొచ్చు. లాసెట్‌లో తెలుగులోనూ ప్రశ్నలుంటాయి, నెగెటివ్ మార్కులు లేవు, కాకపోతే 120 ప్రశ్నలకి 90 నిమిషాలే. కొత్త మాక్ సిరీస్ కొనమని ఎవరైనా చెప్తే ప్రస్తుతానికి వద్దనండి. ఈ నాలుగు పేపర్లలో తప్పిన ప్రశ్నలనే, జవాబులు మూసిపెట్టి, మార్జిన్‌లో ‘ఏ’లు రాసుకుంటూ ఇంకోసారి చేయమనండి. ఆ కాగితాలు నాకు పంపండి, చూస్తాను.